రెండోసారి లేచిన చెయ్యి

కాన్సస్ గాలికి ఎదురు నడిచేవాణ్ణి అరమైలు దూరం నుంచే పోల్చుకోవచ్చు. నడుము దగ్గర వంగి, ఒక చేత్తో టోపీని అదిమిపట్టుకుని, కంటికి కనపడని ఎవరితోనో తగవుపడుతున్నట్టు ఉంటాడు. ఆ జూన్ మధ్యాహ్నం గోధుమచేల మధ్య మట్టిరోడ్డు మీద నాకు కనిపించిన మనిషికి టోపీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చేతిలో పనిముట్ల పెట్టె, ఇంకో చంకలో మడతపెట్టిన కోటు. అందుకని టోపీని గడ్డం కిందనుంచి పురికొసతో కట్టేసుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి, చంటిపిల్లాడి కుళ్లాయిలా టోపీ కట్టుకుని నడుస్తున్నాడు.

ట్రక్కు ఆపి, పక్క తలుపు తోశాను.

"ఈ బండి నీదేనా?" అన్నాడు ఎక్కకుండానే.

"నాదే."

"కాగితాల్లో కూడా?"

"కాగితాల్లో కూడా. ఏం, దొంగబండిలా ఉందా?"

"లేదులే. సొంత బండి ఉన్నవాళ్లని చూస్తే నాకు జాలి. ఎప్పుడు పోతుందోనని పాపం నిద్ర ఉండదు." అప్పుడు ఎక్కి, పెట్టెను కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

మూత సరిగ్గా పడని పెట్టె అది. లోపల సుత్తి పిడి మీద ఎర్రరంగుతో 'ఉన్రూ' అని రాసి ఉంది.

"ఎక్కడిదాకా, ఉన్రూ గారూ?"

"ఉన్రూ సుత్తి. రంపం ష్రాగ్‌ది. ఈ కోటూ ష్రాగ్‌దే. రసమట్టం చర్చిది. నేను ఆర్లో వోత్‌ని. నా ఒంటిమీద నాది అని చెప్పుకోడానికి ప్యాంటు ఒక్కటే ఉంది, అదీ కోర్టులో రుజువు చెయ్యలేరు."

ఆర్లో వోత్! ఆ జిల్లాలో కొన్ని చలికాలాలు గడిపినవాడికి ఆ పేరు తెలియకపోవడం ఉండదు. పాత పుస్తకాలు కొని, ఊరూరా అమ్ముకుంటూ తిరిగే నాబోటివాడికి కథలు పుస్తకాలకంటే చవగ్గా దొరుకుతాయి. ఈయన కథ న్యూటన్ అనే ఊళ్లో కాఫీ హోటల్లో ఒక రకంగా, చర్చి వాకిట్లో ఇంకో రకంగా విన్నాను. మనిషిని ఇంత దగ్గరగా చూడటం మాత్రం అదే మొదలు.

"మా అన్న దగ్గరికి," అన్నాడు. "ఫ్రీడెన్‌తాల్ దాటాక రెండో మలుపు. విల్లిస్‌కి పక్షవాతం వచ్చింది. ఎన్నాళ్లో ఉండడంటున్నారు. ఒక మాట చెప్పి వచ్చేస్తాను."

ఆ అన్నదమ్ముల మధ్య మాటలు లేక ఇరవై ఏళ్లవుతోందని నాకు తెలుసు. ఏం మాటని అడగలేదు. అడగనిదే చెప్పేవాళ్లని అడిగి చెడగొట్టకూడదని నా అనుభవం.

ఫ్రీడెన్‌తాల్ అంటే శాంతిలోయ. శాంతి సంగతి తర్వాత, లోయ మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. రొట్టెలు వత్తే బల్లలా చదునైన నేల. వీళ్ల ముత్తాతలు రష్యాలో వదిలేసి వచ్చిన ఊరి పేరు అలాగే తెచ్చి ఇక్కడ తగిలించారు. మెనొనైట్లు. ఆయుధం పట్టనివాళ్లు. పట్టమన్న ప్రతి రాజ్యాన్నీ విడిచి వచ్చినవాళ్లు. జారు చక్రవర్తి కూడా కుర్రాళ్లను సైన్యానికి పంపమనేసరికి ట్రంకుపెట్టెల్లో గోధుమవిత్తనాలు పోసుకుని ఓడ ఎక్కారు. ఇప్పుడు కాన్సస్‌లో ఎటు చూసినా కనిపించే పసిమి ఆ పెట్టెలదే అంటారు.

పన్నుల గురించి చదవడం నాకో జబ్బు. ఆ రష్యాలోనే ఒక రాజు గడ్డాల మీద పన్ను వేశాడు. కట్టినవాడికి ఒక బిళ్ల ఇచ్చేవాళ్లు, గడ్డంతో పాటు దాన్నీ మోసుకు తిరగాలి. ఇంగ్లండులో కిటికీల మీద వేస్తే జనం కిటికీలు ఇటుకలతో మూసేసి చీకట్లో కూర్చున్నారు. పన్ను ఎగ్గొట్టడానికి మనిషి చీకట్లోనైనా కూర్చుంటాడు, అది ఎక్కడైనా ఉన్నదే. ఆర్లో వోత్ ఎగ్గొట్టలేదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఎగ్గొట్టేవాడు దాస్తాడు. ఈయన ఏడాదికోసారి పన్నులవాళ్లకు స్వయంగా రాసేవాడు: నా ఆదాయం ఇంత, మీ లెక్క ప్రకారం పన్ను ఇంత, అందులో సగం మీకు పంపుతున్నాను, మిగతా సగం బాంబులకు పోతుంది గనక పంపను, దాన్ని ఆకలిగొన్నవాళ్ల నిధికి ఇచ్చేశాను, మీ క్షేమం కోరే ఆర్లో వోత్.

వియత్నాం రోజుల్లో మొదలైంది. "నా చెయ్యి తుపాకీ పట్టదన్నప్పుడు నా గోధుమ మాత్రం ఎందుకు పట్టాలి?" అని చర్చిలో లేచి అడిగాడట. తుపాకీ పట్టని చర్చే అయినా ఆ ప్రశ్నకు సర్దుకు కూర్చోలేకపోయింది. పన్ను కట్టకపోవడం గర్వం కిందికి వస్తుందని పెద్దలన్నారు. అన్న విల్లిస్ ఒక్కమాట అన్నాడు: "నా పన్ను నేను కట్టేస్తాను. తర్వాత ప్రార్థనకి మోకాళ్ల మీద కూర్చుంటాను." తమ్ముడు నవ్వాడు. ఆ రోజుల్లో వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లే.

"ముందు బ్యాంకులో ఉన్నది తీసుకున్నారు," అన్నాడు ఆర్లో, కిటికీ బయటికి చూస్తూ. "సరే, బ్యాంకు మానేశాను. తర్వాత గోధుమ అమ్మిన చోట చెక్కు పట్టేసుకున్నారు. గోదాము మేనేజరు మొహం ఎర్రగా చేసుకుని, చెక్కుకి బదులు నాకో కప్పు కాఫీ ఇచ్చాడు. పంటంతటికీ ఒక కప్పు కాఫీ! చక్కెర కూడా వెయ్యలేదు వెధవ."

"ట్రక్కు?"

"ఆదివారం. మేం లోపల కీర్తన పాడుతున్నాం, బయట వాళ్లు దాన్ని గొలుసేసి లాక్కుపోయారు. మంచి మర్యాదస్తులు, కీర్తన అయ్యేదాకా ఇంజను స్టార్ట్ చెయ్యలేదు." కొంచెం ఛాతీ విరిచాడు. "కానీ ఒకటి చెప్తాను విను. వాళ్ల కవరు ఒక్కటీ చింపలేదు నేను. మొదటి రెండు తప్ప. తర్వాత వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి పంపాను. ఇల్లు పోయాక కూడా ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చేవి. పోస్టామె నవ్వేది, 'ఆర్లో, ఇది కొంచెం లావుగా ఉంది, చూస్తే పోలా?' అని. చూడలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆ మొహంలో ఉన్న తృప్తిని నేను మర్చిపోలేను. తర్వాత జరిగింది చూశాక మరీ.

చివరికి భూమి మీదికి వచ్చింది. తండ్రి చిన్నకొడుక్కి ఇచ్చిపోయిన పొలం, తల్లి కన్నుమూసిన ఇల్లు. విల్లిస్ పొలం రోడ్డుకి అవతల. జిల్లా కోర్టు మెట్ల మీద వేలం వేస్తామన్నారు.

ఇక్కడ ఆ మనుషుల వేలాల గురించి కొంచెం చెప్పాలి. వాళ్లకు ఏటా వసంతంలో హచిన్‌సన్ సంతమైదానంలో ఒక వేలం జరుగుతుంది. ఎక్కడెక్కడి కరువులకో యుద్ధాలకో సాయం పంపడానికి. బొంతలు, బల్లలు, పాత ట్రాక్టర్లు, ఇంట్లో కాల్చిన రొట్టె. ఆ రొట్టెను ఒకడు ఆవు ఖరీదు పెట్టి కొంటాడు. కొని, 'మళ్లీ అమ్మండి' అని తిరిగి ఇచ్చేస్తాడు. ఇంకొకడు కొంటాడు, వాడూ ఇచ్చేస్తాడు. సాయంత్రానికి రొట్టె ఎండిపోతుంది, నిధి నిండుతుంది. పోటీ లేకపోతే తన పాట మీద తనే పైపాట పాడేవాళ్లు కూడా ఉన్నారు. మూడేళ్ల పిల్లకి కూడా అక్కడ చెయ్యి ఎలా ఎత్తాలో తెలుసు.

కోర్టు మెట్ల దగ్గర మాత్రం ఒక్క చెయ్యీ లేవకూడదని చర్చి అంతా కట్టుబడింది. ఆర్లో పద్ధతి నచ్చనివాళ్లు కూడా. కొనేవాడు లేకపోతే భూమి ఏమవుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియకపోయినా నిలబడి, నాలుగు గొంతుకల్లో కీర్తన పాడదామనుకున్నారు. వాయిద్యాలు లేకుండా ఆడవాళ్లవి రెండు, మగవాళ్లవి రెండు గొంతుకలు అల్లి పాడే పాట అది. విల్లిస్ ఆ జిల్లా మొత్తానికి పేరుపడ్డ మంద్రం గొంతు.

"నవంబరు," అన్నాడు ఆర్లో. "ఊపిరి పొగలా కనిపిస్తోంది. విచిటా నుంచి ఒకడొచ్చాడు, గోధుమరంగు కోటు. పందుల షెడ్లు వేస్తాడట. కీర్తన రెండో చరణంలో వాడు వేలెత్తాడు. సరే, ఎత్తుకోనీ అనుకున్నాను. అంతలో కీర్తన ఒక పక్కకి ఒరిగింది. మంచానికి ఒక కోడు పీకేసినట్టు. నాకు వెనక్కి తిరక్కుండానే తెలిసిపోయింది."

విల్లిస్ నోరు మూసుకుని చెయ్యి ఎత్తాడు. కొంతసేపటికి కోటువాడు తల అడ్డంగా ఊపి, చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు. అక్కడితో అయిపోవలసింది. వేలం వేసే ఆయన పాట ఖాయం చెయ్యబోతూ చుట్టూ చూశాడు. అప్పుడు విల్లిస్ చెయ్యి ఇంకోసారి లేచింది.

"'విల్లిస్, పైన ఉన్నది నీ పాటేనయ్యా!' అన్నాడాయన. మా అన్న చెయ్యి దించలేదు. హచిన్‌సన్‌లో రొట్టె పాడినట్టు తన మీద తనే పాడుకున్నాడు, ఎక్కువకి! విచిటావాడు నవ్వాడు. మావాళ్లూ నవ్వారు, అంత ఏడుపులో."

అలవాటు కొద్దీ ఎత్తేశాడని ఊరు తేల్చింది. అప్పట్నుంచి విల్లిస్‌ను చూస్తే హోటల్లో ఎవడో ఒకడు, 'కాఫీకి పైపాట ఏమైనా ఉందా?' అనేవాడు. ఆయనా నవ్వేవాడు.

ఆ సాయంత్రం విల్లిస్ తాళంచెవి పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. తమ్ముడు అప్పటికే బట్టలు మూటగట్టాడు. "ఇల్లు నీదే ఆర్లో. నేను పేరుకే," అన్నాడు అన్న. తమ్ముడు అన్న మాటలు ఆ వాకిలి దాటి జిల్లా అంతా పాకాయి గనక నాకూ కంఠతా వచ్చు: "ఇన్నేళ్లు నేను ఒక్క సెంటు ఇవ్వని బాంబుకి ఒక్క పూటలో వడ్డీతో సహా కట్టేశావు. మొదటిసారి చెయ్యెత్తావు, నాకోసమే అనుకుంటాను. రెండోసారి ఎవరికోసం, విల్లిస్?"

విల్లిస్ నోరు తెరిచాడట. మళ్లీ మూశాడట. అదే ఆఖరు.

తర్వాత ఆర్లో ఏదీ సొంతం చేసుకోలేదు. పన్ను పడేంత సంపాదన లేకుండా చూసుకున్నాడు. ఎవరి కొట్టంలోనో ఒక గది, ఎవరి పనిముట్లతోనో వడ్రంగం, కూలి కింద భోజనం. ఒక టీచరమ్మ ఆయన్ని చేసుకుంటానందని విన్నాను. ఆమె జీతం మీద పన్ను ముందే కోసుకుంటారు, అందులోనూ సగం ఉంటుంది కదా, ఆ తిండి తినలేనన్నాడట. ఆమె ఇంకొకర్ని చేసుకుంది.

ఏటా ఒక కుర్చీ మాత్రం చేసి హచిన్‌సన్ వేలానికి ఇచ్చేవాడు. దాన్ని ఏటా విల్లిసే కొనేవాడు. కుర్చీ బల్లమీదికి రాగానే ఆర్లో బయటికి వెళ్లిపోయి, గుర్రాల షెడ్డు దగ్గర నిలబడేవాడు. అది నేను కళ్లారా చూశాను.

"నా కుర్చీల్ని కొని మళ్లీ అమ్మకానికి ఇచ్చేస్తుంటాడు," అన్నాడిప్పుడు. "ఎవరింట్లో ఉన్నాయో ఏమో."

"ఇంతకీ ఏం చెప్తావు ఆయనకి?" అన్నాను. చివరికి నేనే అడిగాను.

"రెండోసారి చెయ్యెత్తినదాన్ని కూడా మాఫీ చేశానని. అంతే."

"ఒక్క మాటకి ఇన్నేళ్లా?"

"మాట చిన్నదే. గొంతు ఇరుకు." పురికొస ముడి సర్దుకున్నాడు. "చిన్నప్పుడు మా అమ్మ శనివారం జ్వీబక్ కాల్చేది. తెలుసుగా, బన్ను మీద బుల్లి బన్ను కూర్చున్నట్టు ఉంటుంది. పైది నాది, కిందది వాడిది. కిందది పెద్దది గనక వాడికే లాభం అనుకునేవాణ్ణి. నిజానికి పైదే మెత్తన. వాడికి తెలుసు. తెలిసీ ఇచ్చేవాడు. అలాంటివాణ్ణి... సరే, మలుపు ఇదే, దాటి పోనిస్తున్నావు!"

ఆర్లో పోగొట్టుకున్న ఇల్లే అది, తెల్లరంగుతో మెరుస్తోంది. విల్లిస్ దాన్ని కొన్నాక చాలా ఏళ్లు తాళమేసి ఉంచాడు, తమ్ముడు వస్తాడేమోనని. ఏటా రంగు వేసేవాడు. రాకపోయేసరికి తన పొలం కొడుకులకిచ్చి, భార్య వెల్డాతో ఆ ఇంట్లోకే మారాడు.

వెల్డా వసారాలోకి వచ్చింది. కురచ మనిషి, ముంజేతులకు పిండి.

"ఎవరూ, ఆర్లోనే? జూన్ నెలలో కోటు తెచ్చుకున్నావేం, మంచు పడుతుందనా?"

"ష్రాగ్‌ది. ఇంట్లో వదిలేస్తే వాడు వేసుకుంటాడు."

"వేసుకోడా మరి, వాడిదేగా! లోపలికి రా. గుమ్మం కరవదు. నువ్వు బిగించిన గుమ్మమే." నన్ను చూసి, "మీరూ రండి. ఈయన్ని దింపి పారిపోదామనుకున్నారేమో, కుదరదు. కాఫీ పెట్టాను," అంది.

ఆర్లో బూట్లు చాలాసేపు తుడుచుకున్నాడు. గడప మీద ఒక కాలు పెట్టి, ఇంకో కాలు వసారాలోనే ఉంచి, గది లోపలికి చూశాడు.

గది నిండా కుర్చీలు. గోడవారన, బల్ల చుట్టూ, పొయ్యి పక్కన. ఒకే చేతివాటం, ఏడాది ఏడాదికీ కొంచెం నాజూకు తేలిన కాళ్లు. ఒక్కటీ తిరిగి అమ్మలేదు. కిటికీ దగ్గర వాటిల్లో ఒకదాంట్లో విల్లిస్ కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి. ఒక పక్క మొహం జారిపోయింది. తమ్ముణ్ణి చూసి కుడిచెయ్యి పైకెత్తాడు, వేళ్లు కలిపి, సరిగ్గా వేలంలో ఎత్తినట్టు.

"మాట పోయింది," అంది వెల్డా. "ఆ చెయ్యి ఒక్కటే మిగిలింది. కాఫీ కావాలా అంటే ఎత్తుతాడు. నొప్పా అంటే ఎత్తుతాడు. మొన్న పాస్టరు వచ్చి పరలోకం గురించి చెప్తుంటే దానికీ పాట పెట్టాడు. ఆ రోజు కోర్టు దగ్గర ఈ చేతిని కట్టేసి ఉంటే బాగుండేదని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు అది దిగితే నాకు భయం."

ఆర్లో లోపలికొచ్చాడు. టోపీ తియ్యబోతే ముడి రాలేదు. అలాగే ఉంచేశాడు.

"విల్లిస్," అన్నాడు. "ఆ రోజు... నువ్వు రెండోసారి..."

వెల్డా కాఫీ కెటిల్ ఠక్కున పెట్టింది. "ఆ మాట ఎత్తకు ఆర్లో. ఎత్తితే నేను చెప్పేస్తాను."

"ఏం చెప్తావు?"

"చెప్పనని మాటిచ్చాను. మన చర్చిలో ఒట్లు వెయ్యం గనక ఒట్టు వెయ్యలేదు. కాబట్టి నన్ను రెచ్చగొట్టకు."

"నేను తగువుకి రాలేదు, వెల్డా. మాఫీ చేశానని చెప్పడానికొచ్చాను."

"ఎవరు ఎవర్ని?" ఆమె గొంతు పైకి లేవలేదు. కుర్చీలో మెల్లగా కూర్చుంది. "ఒకటి చెప్పు. భూమి వేలంలో పోయింది. పన్ను బాకీ, వడ్డీ, జుల్మానా అన్నీ వాళ్లు తీసుకున్నారు. ఇంకా మిగిలింది. అది ఎవరికి పోతుంది?"

"వాళ్లకే. ఇంకెవరికి?"

"నీకు. భూమి ఎవరిదో వాడికి. చట్టం. విల్లిస్ వేలానికి ముందే ఆఫీసుకి వెళ్లి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. విచిటావాడు ఆగిపోయిన చోటికి వాళ్ల బాకీ మట్టుకు తీరుతుంది, నీ చేతికి చిల్లిగవ్వ రాదు. అందుకని ఇంకోసారి ఎత్తాడు. ఆ పై పాటంతా నీది. 'ఇల్లిస్తే వాడు తీసుకోడు వెల్డా, వాడి సంగతి నాకు తెలుసు. ఆ డబ్బుంటే ఇంకెక్కడైనా కాస్త పొలం కొనుక్కుంటాడు' అన్నాడు. దానికోసం మేం బ్యాంకుకి ఎన్నేళ్లు కట్టామో అడక్కు."

ఆర్లో ఆమెవైపు తిరిగాడు. "నాకెవరూ చెప్పలేదే."

"చెప్పారు. కవర్లు పంపారు, వచ్చి తీసుకోమని."

బయట గాలి జాలీ తెరతలుపును కొడుతోంది. ట్రక్కులో ఆయన మొహంలో చూసిన తృప్తి నాకు గుర్తొచ్చింది. కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

"వాడైనా చెప్పొచ్చుగా," అన్నాడు ఆర్లో.

"ఎలా చెప్తాడు? 'నీకోసం చేశానురా' అని తన మంచి తనే చాటుకునేవాణ్ణి మన చర్చిలో ఎలా చూస్తామో నీకు తెలీదూ? నేను చెప్తానన్నాను. ఒద్దన్నాడు. 'తెలిస్తే వాడు అదీ వద్దంటాడు. వద్దనడానికి వాడికి ఇంకోటి ఇవ్వడం దేనికి? కోపంగా ఉండనీ. తిట్టుకుంటూనైనా తలుచుకుంటాడు' అన్నాడు. హోటల్లో అందరూ నవ్వితే ఈయనా నవ్వి వచ్చేవాడు. ఇంటికొచ్చి నవ్వేవాడు కాదు."

విల్లిస్ చెయ్యి మళ్లీ లేచింది. దేనికో తెలియదు. వింటున్నాడని మాత్రం తెలుస్తోంది. బాగున్న కంట్లో నీళ్లున్నాయి, పక్షవాతంలో ఊరికే కూడా వస్తాయట.

నేను చాలా ఊళ్లలో చాలామంది మొండివాళ్లని చూశాను. రాజ్యం వాళ్లని ఓడించలేదు. భూమి తీసుకుంటుంది, బండి తీసుకుంటుంది, అయినా వాళ్లు తల ఎత్తుకునే ఉంటారు. తప్పు తమదని తేలిన చోట మాత్రం ఏం చెయ్యాలో ఆ చదువు వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. ఆర్లో మాఫీ ఇవ్వడానికి ఒక్క మాట వెంట తెచ్చుకున్నాడు. అడగడానికి మాట తెచ్చుకోలేదు.

ఆయన చూపు అన్న కూర్చున్న కుర్చీ కాళ్ల మీద పడింది.

"ఈ కాలు ఊగుతోంది," అన్నాడు.

"ఊగనీ. ముందు ఆయనతో మాట్లాడు," అంది వెల్డా.

"పడతాడు. ఇది నేను తొందరగా చేసినది. అప్పుడు ఓక్ చెక్క పచ్చిగా ఉంది." మోకాళ్ల మీద కూర్చుని, ఉన్రూ సుత్తి తీసి, కాలు బిగిసే చోట మెల్లగా కొట్టసాగాడు. అన్న మోకాలికి ఆయన తల ఆనీ ఆననట్టు ఉంది. టోపీ అంచు విల్లిస్ చేతికి తగులుతోంది. ఆ చెయ్యి టోపీ మీద ఒకసారి వాలింది. సుత్తి ఆగింది. ఇప్పుడు అంటాడనుకున్నాను. వెల్డా కూడా అనుకుంది, అప్రాన్ కొస పిడికిట్లో నలిపేస్తోంది. సుత్తి మళ్లీ కదిలింది.

వెల్డా లేచి బల్ల సర్దింది. చల్లటి పళ్ల పులుసు, పంది తొడ ముక్కలు, వేడి జ్వీబక్. ఒక పళ్లెం విల్లిస్ ఒళ్లో పెట్టింది. "తిని మాట్లాడుకుందాం. ఖాళీ కడుపుతో ఎవరికీ బుద్ధి పుట్టదు."

విల్లిస్ పళ్లెంలోకి చూశాడు. ఉన్న ఒక్క చేత్తోనే, బన్ను జారకుండా పళ్లెం అంచుకి ఒత్తిపెట్టి, బొటనవేలితో పై బన్ను లేపడానికి ప్రయత్నించాడు. రెండుసార్లు జారింది. వెల్డా సాయం చెయ్యబోయి ఆగింది. చివరికి ఊడివచ్చింది. దాన్ని కింద కూర్చున్న తమ్ముడి ముందుకు చాచాడు.

ఆర్లో తీసుకున్నాడు. ఆ ఇంటి రొట్టె బాంబుల రొట్టె అని ఇన్నేళ్లు ముట్టనివాడు, రెండు చేతుల్తో తీసుకున్నాడు. లేచి నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, "చీల కావాలి. బయట చెక్కముక్క ఏదైనా దొరుకుతుందేమో," అన్నాడు. తెరతలుపు కొట్టుకుంది.

మేం ఎదురుచూశాం. వెల్డా పులుసు వడ్డించింది, ఎవరూ ముట్టలేదు. కిటికీలోంచి ముందు చూసింది విల్లిసే అనుకుంటాను. చెయ్యి లేచింది. ఆ చెయ్యి చూసిన వైపు మేమూ చూశాం. ఆర్లో వాకిలి దాటి, కొట్టం దాటి, రోడ్డెక్కాడు. సుత్తి కుర్చీ కాలి దగ్గరే ఉంది. పనిముట్ల పెట్టె, ష్రాగ్ కోటు తలుపు పక్కన ఉన్నాయి. ఆయన చేతిలో బన్ను తప్ప ఏమీ లేదు.

"పిలవండి," అంది వెల్డా. "మీ గొంతు పెద్దది. పిలవండి!"

వసారాలోకి వెళ్లి పిలిచాను. గాలి నా మాటను నా మొహం మీదే కొట్టింది. ట్రక్కు తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టాను. పెట్టి, తియ్యలేదు. వెనక గదిలో వెల్డా అంటోంది, "దించు విల్లిస్, ఇక దించు, చెయ్యి నొప్పెడుతుంది." ఆయన దించలేదు. రోడ్డు మీద ఆర్లో నడుము వంచి, గాలికి ఎదురుగా నడుస్తున్నాడు. బన్ను ఉన్న చేతిని ఛాతీకి ఆనించుకున్నాడు. రెండో చేత్తో, పురికొస కట్టి ఉందన్న సంగతి మరిచిపోయి, టోపీని అదిమిపట్టుకున్నాడు. మలుపు దగ్గర గోధుమ చేను ఆయన భుజాలదాకా వచ్చింది. తర్వాత టోపీ ఒక్కటే కొంతసేపు కనిపించింది.